జలుబుతో కొన్న వైన్

వైన్ కొనాల్సిన రోజు పొద్దున్నే బ్రదర్ లూచోకి జలుబు పట్టుకుంది.

లేవగానే ఆవిరి పట్టాడు. మిరియాల కషాయం తాగాడు. ఏం లాభం లేకపోయింది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది.

అది ఇటలీలో ఒక కొండ మీది చిన్న మఠం. అందులో చేరకముందు లూచో రేవు పట్నంలో ఒక పెద్ద వర్తకుడి దగ్గర వైన్ రుచి చూసే ఉద్యోగం చేశాడు. పదకొండేళ్ళు చేశాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ ద్రాక్ష ఏ వాలులో కాసిందో, ఆ ఏడు వాన ముందొచ్చిందో వెనకొచ్చిందో చెప్పేవాడు. సన్యాసం తీసుకున్నప్పుడు ఉద్యోగం, ఇల్లు, మంచి బట్టలు అన్నీ వదిలేశాడు. ముక్కు మీద గర్వం మాత్రం అతనితో పాటే మఠంలోకి వచ్చింది.

కిందటి చలికాలంలో మంచు బరువుకి మఠం భోజనశాల పైకప్పు కూలింది. ఊళ్ళోని తాపీ పనివాళ్ళు, వడ్రంగులు పైకొచ్చి, కూలి తీసుకోకుండా మూడు నెలలు పనిచేసి కొత్త కప్పు వేశారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆ కప్పు కిందే వాళ్ళకి విందు. నలభై మంది వస్తారు. వాళ్ళకి పోసే వైన్ లూచో ఎంచాలి.

ఊళ్ళో డొమెనికా అనే ఆవిడకి వైన్ దుకాణం ఉంది. ఏడాదికోసారి కొత్త సరుకు దింపి, ఆ రోజు సీసాలు తెరిచి అందరికీ రుచి చూపిస్తుంది. ఈ ఏడు ఆ రోజు ఇవాళే. తక్కువ ధరలో బాగున్నవి మధ్యాహ్నానికల్లా అయిపోతాయి.

లూచో గురువుగారిని వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ఫాదర్ ఒనోఫ్రియోకి డెబ్బై దాటాయి. బల్ల ముందు నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నారు.

"ఫాదర్, ఇవాళ ఇంకెవర్నైనా పంపండి. నేను వెళ్ళి లాభం లేదు."

"ఏమైంది?"

"వాసన తెలియడం లేదు. ముక్కు లేకుండా వైన్ ఎలా ఎంచను?"

ఆయన సగం తరిగిన ఉల్లిపాయ తీసి లూచో ముక్కు కింద పెట్టారు.

"వాసన వస్తోందా?"

"లేదు, ఫాదర్."

ఆయన చెయ్యి తియ్యలేదు. కాసేపటికి లూచో కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారాయన. "పద, నేనూ వస్తాను."

సంచిలో రెండు పెద్ద రొట్టెలు, ఒక చీజ్ ముక్క వేసుకుని ఆయన ముందు నడిచారు.

వాళ్ళు వెళ్ళేసరికి దుకాణం నిండా జనం. పొడవాటి బల్ల మీద పదిహేడు రకాల సీసాలు వరసగా ఉన్నాయి. లూచో మొదటిది పోయించుకున్నాడు. గోరువెచ్చని నీళ్ళలా ఉంది. రెండోదీ అంతే. మూడోది నాలుకకి కాస్త పుల్లగా తగిలింది, అంతకుమించి ఏమీ తెలియలేదు.

ఇంతలో వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. బస్టాండు ఎదురుగా హోటల్ నడిపే రెనాల్డో.

"మంచి సమయానికి వచ్చారు బ్రదర్. వీటిలో పెట్టిన డబ్బుకి న్యాయం చేసేది ఏదో మీరే చెప్పండి."

పక్కనున్న నలుగురైదుగురు కూడా ఇటు తిరిగారు. లూచోకి జలుబు సంగతి చెప్పబుద్ధి కాలేదు. బల్ల మీద బంగారు అక్షరాల సీసా ఒకటి కనపడింది. పేరున్న లోయలో తయారైంది. ఆ వైన్ పోయించుకుని, అలవాటు ప్రకారం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇది తీసుకోండి. బాగా పండిన చెర్రీల వాసన. వెనకాల కొంచెం పొగాకు."

రెనాల్డో రుచి కూడా చూడలేదు. డజను సీసాలు బుట్టలో పెట్టించుకుని బయటికి నడిచాడు.

లూచో గురువుగారి వైపు చూశాడు. ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రొట్టె కోసుకుంటున్నారు. తల ఎత్తలేదు. లూచో చెవులు వేడెక్కాయి. గ్లాసు అక్కడే పెట్టేసి వీధిలోకి పరిగెత్తాడు.

"రెనాల్డోగారూ, ఆగండి. నేను చెప్పింది అబద్ధం."

"ఏది అబద్ధం?"

"చెర్రీలు, పొగాకు, అన్నీ. నాకు జలుబు. ఏ వాసనా తెలియడం లేదు. సీసా మీద పేరు చూసి చెప్పాను."

రెనాల్డో బుట్టలోకి చూశాడు, తర్వాత లూచో ముఖంలోకి చూశాడు. ఉన్నట్టుండి పొట్ట కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ముప్పై ఏళ్ళుగా నేనూ అలాగే కొంటున్నాను బ్రదర్. ఒప్పుకున్న మనిషిని ఇవాళే చూశాను."

లూచో చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, సంగతి దుకాణమంతటికీ చెప్పాడు. అందరూ నవ్వారు. లూచో కూడా నవ్వబోయాడు కానీ మధ్యలో పెద్ద తుమ్ము వచ్చింది. దాంతో మళ్ళీ నవ్వారు.

"నవ్వడం అయితే ఇలా రండి, రొట్టె తిందాం," అన్నారు ఫాదర్ ఒనోఫ్రియో.

మఠం దగ్గరున్న డబ్బుకి వచ్చే వైన్లు మూడే. ఆయన ఆ మూడు రకాల సీసాలూ అడిగి తెప్పించారు. ఒకటి ఆ బంగారు అక్షరాలది. ఒకటి డొమెనికా మెచ్చుకుంటూ ఇచ్చింది. మూడోది అడుగు అరలోది, దాని మీది పేరు కాగితం కూడా వంకరగా అతికించారు.

"నువ్వు తాగకు, అందరికీ పొయ్యి," అన్నారు లూచోతో. "పోస్తూ చూస్తూ ఉండు."

"ఏం చూడాలి ఫాదర్?"

"గ్లాసులు."

ఎనిమిది మంది బల్ల చుట్టూ చేరారు. లూచో బంగారు అక్షరాలది పోశాడు. ఒక గుక్క తాగి, బాగుంది బాగుంది అని తలలూపారు. గ్లాసులు బల్ల మీద పెట్టారు. అవి అక్కడే ఉండిపోయాయి. రెండోది పోశాడు. దాని గురించి రెనాల్డో చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ నీళ్ళు అడిగి తాగాడు.

మూడోది పోసే సమయానికి బస్తాలు మోసే ఒకాయన తన కంచరగాడిద కథ మొదలుపెట్టాడు. అది పెళ్ళి జరుగుతున్న చర్చిలోకి వెళ్ళి పెళ్ళికూతురి చేతిలోని పూలు తినేసిందట. కథ చెబుతూనే ఆయన గ్లాసు లూచో వైపు చాపాడు. పక్కాయన కూడా చాపాడు. గ్లాసు నిండిందో లేదో ఎవరూ చూసుకోవడం లేదు. వైన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. డొమెనికా గల్లాపెట్టె వదిలేసి వచ్చి కూర్చుంది. లూచో మళ్ళీ పొయ్యబోతే సీసాలోంచి ఏమీ రాలేదు. మిగతా రెండూ సగానికి పైగా అలాగే ఉన్నాయి.

లూచో గురువుగారి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు.

"ఫాదర్, ఆ మూడోది ఎలా ఉంది?"

ఆయన తన ఖాళీ గ్లాసు వైపు చూసుకున్నారు.

"గాడిద కథలో పడి గమనించలేదు."

లూచో డొమెనికా దగ్గరికి వెళ్ళి ఆ వైనే ముప్పై సీసాలు కట్టమన్నాడు. అది అన్నిటికంటే చవక. మిగిలిన డబ్బుకి ఒక పెద్ద చీజ్ చక్రం కూడా వచ్చింది.

ఆదివారానికి జలుబు కాస్త నెమ్మదించింది కానీ ముక్కు ఇంకా విడవలేదు. లూచో ఒక సీసా వంటింటి బీరువాలో దాచుకున్నాడు. రెండ్రోజులు పోయాక తీరిగ్గా వాసన చూద్దామని అతని ఆశ.

నలభై మంది వస్తారనుకుంటే పెళ్ళాం పిల్లలతో కలిసి అరవై మంది వచ్చారు. చిక్కుడుగింజల పులుసు రెండుసార్లు వండాల్సి వచ్చింది. తాపీ పనివాళ్ళు పైకి వేళ్ళు చూపిస్తూ, ఏ దూలం దగ్గర ఎవరి బొటనవేలు నలిగిందో పిల్లలకి చెప్పారు. లూచో ఆ చివరి నుంచి ఈ చివరికి పోస్తూనే ఉన్నాడు. ఒక ముసలి వడ్రంగి లేచి పాట అందుకున్నాడు. అందరూ బల్లలు చరుస్తూ వంత పాడారు. పాట సగంలో ఉండగా వైన్ అయిపోయింది.

ముసలాయన గ్లాసు ఖాళీగా ఉంది. లూచో ఒక్క క్షణం ఆగాడు. వంటింట్లోకి వెళ్ళి, బీరువా తెరిచి, దాచిన సీసా బిరడా తీసి తెచ్చాడు. ముసలాయన పాట ఆపకుండానే గ్లాసు చాపాడు. ఆయనకీ, చుట్టూ ఉన్నవాళ్ళకీ పోసేసరికి అదీ అయిపోయింది.

పొద్దు వాలుతుండగా జనం పాడుకుంటూ కొండ దిగారు. లూచో గ్లాసులు ఏరుతున్నాడు. ఒక్క గ్లాసులోనూ ఏమీ మిగల్లేదు.

ఫాదర్ ఒనోఫ్రియో వచ్చి పక్కన నిలబడ్డారు.

"వైన్ ఎలా ఉంది లూచో?"

కింద మలుపులో ముసలాయన గొంతు ఇంకా వినిపిస్తోంది. లూచో కాసేపు అటే విన్నాడు.

"చాలా బాగుంది, ఫాదర్."