రాని జబ్బును చూపించిన మాచన

ఇందులో ఒక్క మాట అబద్ధమనిపించినవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. మధ్యలో ఎత్తితే కుదరదు, కథ పట్టు తప్పుతుంది. ఎవరూ లేరా? అయితే సర్దుకుని కూర్చోండి.

పైడికోన అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలినవాడు ఉద్దండరాయలు. ఆయన మీసాలకే విడిగా ఇద్దరు నౌకర్లు, కుడి మీసానికొకడు, ఎడమ మీసానికొకడు. ఆయన తుమ్మితే కొలువులో నలభైమంది "చిరంజీవ" అనేవారు. తుమ్మబోయి మానుకున్నా అనేవారు.

ఆ రాజుగారికి ఒకనాడు ప్రజల ఆరోగ్యం మీద దయ పుట్టింది. పుట్టిందే తడవుగా వైద్యశాల కట్టించాడు. ఎంత వైద్యశాల అనుకున్నారు? వెయ్యి స్తంభాలు. శిఖరం మీద వాలిన కాకికి కింద పడిన మెతుకు కనిపించేది కాదు. పాలరాతి నేల ఎంత నున్నగా ఉండేదంటే, ఒక కాలు బెణికి వచ్చినవాడు రెండోది కూడా బెణికించుకుని గాని లోపలికి చేరేవాడు కాదు. అంతటి మందిరంలో వైద్యుడు మాత్రం ఒక్కడే, నారణాచార్యులవారు. ఇంకో నలుగురిని వేయించండి ప్రభూ అని ఆయన బతిమాలితే రాజుగారు నవ్వి, స్తంభమైతే నాలుగామడల దూరానికి కనిపిస్తుంది, వైద్యుడు లోపల కూర్చుంటాడు, ఎవడికి కనిపిస్తాడు అని అడిగాడట.

ఒక్క వైద్యుడికి రాజ్యమంతా రోగులు. వచ్చినవాళ్ళకు తాటాకు చీటీ మీద వరుస అంకె రాసి ఇచ్చేవారు. ఆ బారు వైద్యశాల గడప దగ్గర మొదలై, కోట దాటి, జొన్నచేలు దాటి, ఏటి ఒడ్డు దాకా పోయేది. తలనొప్పితో నిలబడినవాడు లోపలికి చేరేసరికి తల నెరిసేది. ఆ బారులోనే సంబంధాలు కుదిరాయి, పెళ్ళిళ్ళయ్యాయి, బారసాలలు జరిగాయి. తాత చీటీ మనవడికి వారసత్వంగా దక్కేది. నారణాచార్యులవారు ఒక్కొక్కరి నాడిని ఈగ వాలి లేచినంతసేపు పట్టేవారు. అంతకంటే ఎక్కువ పట్టే ఓపిక ఆయనకు మాత్రం ఎక్కడిది?

రాజుగారికి ఇదీ గర్వకారణమే అయింది. ఇంత పొడుగు బారు ఇంకే రాజ్యంలోనైనా ఉందా? అందుకని గుమ్మం ముందు శిలాశాసనం వేయించాడు. "రాజైనా కూలివాడైనా ఇక్కడ వరుస తప్పరాదు. తప్పినవాడు మాట లేనివాడు." కింద తన ముద్ర, ఏనుగు పాదమంత.

ఆ బారు చివర, ఏటి ఒడ్డున, తౌడమ్మ అనే ముసలమ్మ పాక ఉండేది. పాకలో ఏడు తరవాణి కుండలు. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజు వాటిలో పోసి పులియనిచ్చేది. అడుగున పాత పులుపు ఉంచి పైన కొత్త గంజి పోయడమే గాని, కుండ పూర్తిగా ఖాళీ చేసిన పాపాన పోలేదు. పొద్దున్నే అందులో ఇంత చద్దన్నం కలిపి, ఉప్పుకల్లు వేసి, నంజుకోను ఉల్లిపాయ చేతిలో పెట్టేది.

బారులో పదిమందికి ఏడుగురు కడుపు బాధలవాళ్ళే. ఉబ్బరం, అజీర్తి, పులితేన్పులు. వాళ్ళు నాలుగు రోజులు ఆ తరవాణి తాగి, ఆకలేస్తేనే తిని, చీటీ ఏట్లో పారేసి ఇంటికి పోయేవారు. జ్వరాలవాళ్ళనూ ఎముకలు విరిగినవాళ్ళనూ మాత్రం తౌడమ్మ పాకలో కూర్చోనిచ్చేది కాదు. నా కుండలో నీకేం లేదు, ఆచార్యుల దగ్గరికి పో అని తరిమేది.

అలా కడుపులవాళ్ళు రాలిపోతూ ఉంటే బారు కురచ కాసాగింది. ఒకరోజు మేడ మీంచి రాజుగారు చూశాడు. అసలే పొరుగు రాజ్యం రాయబారి వస్తున్నాడు. మనకు పట్టుమని పదివేలమంది రోగులు కూడా లేరనుకోడూ? పైగా గాలి మళ్ళితే పులుపు వాసన. పాక పీకించి కుండలు పగలగొట్టించమని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది.

కొలువులో మాచన అని ఒక చమత్కారి ఉన్నాడు. పొద్దున్నే తౌడమ్మ పాకలో ఓ ముంత తాగి గాని కొలువుకు వచ్చేవాడు కాదు. తాగని రోజున ఆయనకు హాస్యం పుట్టదు. ఆజ్ఞ వినగానే లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఆ ముసలమ్మ వల్ల ఈ ఊరికి సగం జబ్బులు రావడంలేదు."

"జబ్బు కుదిర్చిన వైద్యుడికి శాలువా కప్పుతాం," అన్నాడు రాజు. "జబ్బు రాకుండా చేసినదానికి ఏం చూసి కప్పాలోయ్? వచ్చిన జబ్బు కనిపిస్తుంది. రాని జబ్బును ఎవడు చూశాడు?"

నలభైమందీ నవ్వారు. మాచన నవ్వలేదు.

"నేను చూశాను ప్రభూ. రోజూ చూస్తున్నాను."

"అలాగా. అయితే మాకూ చూపించు. పదిహేను రోజులు గడువు. చూపించావా, పాక ఉంటుంది. లేదా, ఆ కుండలతోపాటు నీ కొలువూ పగులుతుంది."

మాట విసిరేశాడే గాని, బయటికి రాగానే మాచనకు ముచ్చెమటలు పోశాయి. ఒక్కసారి పిండితే ఉత్తరీయం నుంచి కుండెడు నీళ్ళు కారాయి. రాని జబ్బుకు రంగుందా, రూపుందా, పట్టుకొచ్చి నిలబెట్టడానికి? నేరుగా పాకకు పోయి గోడు వెళ్ళబోసుకున్నాడు. తౌడమ్మ అంతా విని, ఆయన నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"రాని జబ్బుని సూపించడమేటి బాబూ, నీకేటైనా జబ్బొచ్చిందేటి?"

ఇంతలో రాయబారి రానే వచ్చాడు. ఆయన గౌరవార్థం తొమ్మిది రోజుల విందు. నేతి కాలువకు గట్టు తెగి ఇద్దరు వంటవాళ్ళు కొట్టుకుపోయారు. బూరెలు కొండలా పేర్చితే శిఖరం మీద మంచు పట్టింది. రాజుగారు, మంత్రి, సేనాపతి మొదలు నలభైమందీ పొద్దున కూర్చుంటే పొద్దుగూకాక లేచేవారు. పైడికోనలో ఒక ఆచారం ఉంది. రాచపంక్తిలో మిగిలిందంతా అదే గంటలో పల్లకి మోసే ఎనమండుగురు బోయీలకు పోతుంది.

ఆరో రోజుకే కొలువు తీరు మారింది. మంత్రిగారు సంధిపత్రం చదువుతూ సగం వాక్యంలో లేచి పరుగెత్తాడు. సేనాపతి వంగి దండం పెట్టి, మళ్ళీ నిటారుగా లేవలేకపోయాడు. మాచన ఇదంతా చూశాడు. చూసి, బోయీల కొట్టానికి పోయి వాళ్ళ పెద్దను పక్కకు పిలిచి ఏదో అడిగాడు. ఏమడిగాడో ముందు ముందు తెలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఈలవేసుకుంటూ వచ్చాడు.

పదోనాడు రాజుగారి వంతు. ఆ కడుపు ఉరిమిన ఉరుముకు వానాకాలం వచ్చిందనుకుని తోటలో నెమళ్ళు పురి విప్పాయి. వైద్యుణ్ణి ఉన్నపళంగా ఎత్తుకురమ్మన్నాడు రాజు.

మాచన చేతులు కట్టుకుని మెల్లగా మనవి చేశాడు. రాయబారిగారు రోజూ ఆ శిలాశాసనం దగ్గరికి పోయి చదువుతున్నారట. వాళ్ళ రాజుకు చూపించడానికి మొదటి వాక్యం రాసుకున్నారట. ఆచార్యులవారు వరుస వదిలి కోటకు వస్తే, రెండో వాక్యం రాసుకోవడం ఎంతసేపు?

రాజు పళ్ళు నూరాడు. కడుపు మళ్ళీ ఉరిమింది. చివరికి, ప్రజలకు ఆదర్శం చూపడానికే తాను స్వయంగా బారులో కూర్చోబోతున్నానని చాటింపు వేయించి పల్లకి ఎక్కాడు. బోయీలు ఆయన్ను ఏటి ఒడ్డున దింపి, వెనక్కిపోయి మంత్రిని తెచ్చారు, ఆపైన సేనాపతిని. అలా నలభైమందినీ చేరవేశారు. రాజుగారి చీటీ నాలుగువేల ఏడువందల పదమూడు.

తౌడమ్మ పాకలోంచి తొంగి చూసింది.

"కడుపేనా బాబూ? కూకో."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు బాబూ. నా పాక పీకేత్తానన్న బాబువి. కూకో, నిలబడితే ఇంకా నొప్పెడతాది."

ఆ రోజంతా రాజు ముక్కు మూసుకుని తల పక్కకు తిప్పుకున్నాడు. కానీ బారు జానెడు కదల్లేదు. వైద్యశాలవారు పెట్టేది ఏమైనా ఉందా అంటే, దూరంగా కనిపించే వెయ్యి స్తంభాలే. మర్నాడు దాహం ఆగక ముంత అందుకున్నాడు. మొదటి గుక్కకు ముఖం చిట్లించాడు. రెండో గుక్కకు చిట్లించడం మరిచిపోయాడు. మూడో గుక్కకు మీసం ముంతలో మునిగితే నౌకర్లిద్దరూ చెరో పక్కా పట్టి పైకి లాగారు. నెయ్యీ మిఠాయీ ఆ ఛాయలకు రానివ్వనంది తౌడమ్మ. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగోనాటికి నలభైమందీ ఒడ్డున ఇసకలో గుర్రు పెట్టి నిద్రపోయారు. ఆ గురకకు ఏరు కాసేపు వెనక్కి పారింది.

గడువు నిండే రోజున మాచన పల్లకి వెంటబెట్టుకుని వచ్చాడు. రాజు పచార్లు చేస్తున్నాడు. కడుపు కుదిరింది, దాంతోపాటు దర్పమూ తిరిగి వచ్చింది.

"ఏమోయ్ మాచనా, మా కడుపు కుదిరింది కదా అని దాన్నే చూపించి గెలుద్దామనుకోకు. మాది వచ్చిన జబ్బు. వచ్చి, పోయింది. రాని జబ్బు ఎక్కడ?"

మాచన బోయీల పెద్దను ముందుకు రమ్మన్నాడు.

"విందు తొమ్మిది రోజులూ ఏం తిన్నావు?"

"రాజుగారు తిన్నదే బాబూ. ఆరి పంక్తిలో మిగిల్నదంతా మాదే కదా. ఆరికంటే మేమే ఎక్కువ తిన్నాం."

"కడుపులో ఏమైనా బాధ?"

"మాకు బాధొస్తే ఈల్లందర్నీ ఎవులు మోత్తారు బాబూ?"

"రోజూ పొద్దున్నే ఏం తాగుతావు?"

"తౌడమ్మ తరవాణి. మా ఎనమండుగురికీ పాలు మానేసిన కాణ్ణించీ అదే."

మాచన రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, వంట ఒకటే, గుండిగ ఒకటే. మీకు వచ్చిన జబ్బు ఈ ఎనమండుగురికీ రావాలి. రాలేదు. మిమ్మల్ని ఇక్కడిదాకా భుజం మీద మోసుకొచ్చింది ఆ రాని జబ్బే. ఎక్కి కూర్చున్నారు గనక కింద ఎవరున్నదీ చూడలేదు."

మంత్రి ఊరుకోలేక, బోయీలది మోటు కడుపు, రాచవారిది సుకుమారం అని అందుకున్నాడు. అయితే ఆ సుకుమారాన్ని కుదిర్చింది వెయ్యింటిలో ఏ స్తంభమో చెప్పమని మాచన అడిగాడు.

రాజు కాసేపు ఎనమండుగురినీ తలనుంచి పాదందాకా పరికించాడు. తరవాత నలభైమందినీ పరికించాడు. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు మీసాలు నౌకర్ల చేతుల్లోంచి జారి చెరో దిక్కుకూ లేచాయి. మెళ్ళోని ముత్యాల హారం తీసి మాచనకు వేశాడు. పాక అక్కడే ఉంటుందనీ, ఊళ్ళో వాడవాడకూ అలాంటిది ఇంకొకటి వేయించమనీ ఆజ్ఞాపించి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"మీ ముందు ఇంకా నాలుగువేల ఏడువందలమంది ఉన్నారు ప్రభూ. వాళ్ళలో జ్వరాలున్నాయి, విరిగిన కాళ్ళున్నాయి. వాటికి తౌడమ్మ కుండలో మందు లేదు. వైద్యుల్ని వేయించండి."

"వైద్యుడు ఎవడికి కనిపిస్తాడోయ్?"

"వైద్యుడు కనిపించడు ప్రభూ. బారు కనిపించకుండా పోతుంది. అది అందరికీ కనిపిస్తుంది."

రాజు మళ్ళీ నవ్వాడు. నవ్వు ఆగేలోపు పన్నెండుమంది వైద్యులకు ముద్ర పడింది. నెల తిరిగేసరికి నారణాచార్యులవారు ఒక జ్వరగాడి నాడిని నూరు లెక్కపెట్టేంతసేపు పట్టి, ఇన్నేళ్ళకు నాడి చప్పుడు విన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఇంకా ఎవరికైనా సందేహం మిగిలితే పోయి ఆ బోయీల పెద్దనే అడగండి. నూట పదహారో ఏడు నడుస్తోంది, నిన్న కూడా రెండు కోసులు నడిచి వచ్చాడు, పన్ను ఒక్కటి ఊడలేదు. పేరు లోలుగు సన్నాసప్పడు.