హూయి ఉలి పడని చోటు

ఈ కథ చెప్పేవాడిలో ఒక గొప్ప గుణముంది. ఏ కోట చూడ్డానికి వెళ్ళినా గోడ మీద తన పేరు గీకి గాని రాడు. చరిత్రకు తన వంతు సేవ అంటాడు. కాపలావాళ్ళు వేరే మాటేదో అంటారు.

సరే, వినండి. నైలు నది తన ఇష్టమొచ్చినట్టు పొంగే కాలం. ఈజిప్టు రాజులు తామే దేవుళ్ళమని జనాన్ని నమ్మించి, చివరికి తామూ నమ్మేసిన కాలం. అప్పుడు తామీత్ అని ఒక ముసలమ్మ రాళ్ళు చెక్కేవాళ్ళకు నీళ్ళు మోసేది.

ఆ దేశంలో చచ్చినవాళ్ళ పేరు ఎవరో ఒకరు పలుకుతూ ఉండాలి. పలికితే పైలోకంలో రొట్టె, నీళ్ళు. పలక్కపోతే ఆకలి, దాహం, ఆపైన రెండో చావు. తామీత్‌కు పిల్లల్లేరు. మరి పలికేదెవరు? కాలు నిలవదు, మనసు నిలవదు.

"హూయీ," అంది శిల్పితో, "రాజుగారి బొమ్మ మడమ మీద నా పేరు చెక్కు నాయనా. చీమంత చాలు."

హూయి నవ్వి చెక్కాడు. రాజు పోయాడు. కొత్త రాజు వస్తూనే, "పాత పేర్లు చెరిపెయ్యండి, నాది చెక్కండి" అన్నాడు. మడమ మీదదీ పోయింది. కాలు నిలవదు, మనసు నిలవదు.

ఈసారి బొమ్మ మోకాలి వెనక చెక్కించుకుంది. ఇంకో రాజు, అదే హుకుం. అదీ పోయింది.

మూడోసారి వీపున. ఆ తర్వాత వచ్చిన రాజుకు బొమ్మ ముక్కే నచ్చలేదు. మొత్తం పగలగొట్టించి ప్రహరీగోడలో వేయించాడు.

"మళ్ళీ చెక్కరా!"

"అవ్వా, చెక్కేదీ నేనే, చెరిపేదీ నేనే! నా ఉలి పడని చోటేదైనా ఉంటే చూపించు, చెక్కుతా."

ఎక్కడుంది? కాలు నిలవదు, మనసు నిలవదు. ఇంతలో పైనుంచి పనివాళ్ళు రోజూలాగే అరిచారు.

"తామీతూ! నీళ్ళూ!"

ఆమె కుండ దించింది. "మళ్ళీ అనండర్రా."

"తామీతూ!"

"ఇంకోసారి."

"గొంతెండి చస్తుంటే ఆటలేంటే ముసలీ! తామీతూ!"

ఆ పూట ఆమె కాలు నిలిచింది.

తర్వాతి వరదకు తామీత్ పోయింది. మర్నాడు ఎండ నెత్తికెక్కగానే అలవాటుకొద్దీ అదే కేక. కుండతో వేరే మనిషి వచ్చింది. కేక మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఆ రాజుల పేర్లేమిటంటే ఇప్పుడెవరూ చెప్పలేరు. రాళ్ళు కొట్టేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఒక చుక్క నేల మీద వదిలి, "తామీతూ" అని గాని మొదటి గుక్క తాగరట.

ఇంత తెలిసినా, ఈ కథ చెప్పేవాడు ఇంకా నేర్చుకోనిది ఒకటుంది. గడపలోకి దాహంతో మనిషి వస్తే ముందు నీళ్ళివ్వాలి. ఇతనేమో ముందు తన పేరు చెబుతాడు.