ఇరవై అయిదు అక్షరాల తాళంచెవి

అనగనగా అనగానే రాజులూ గుర్రాలూ వస్తారనుకోకండి పిల్లలూ. ఈ కథలో రాజు లేడు. మగ్గాలున్నాయి, ఒక కంప్యూటరు ఉంది, చూపు తగ్గిపోతున్న ఒక పెద్దాయన ఉన్నాడు.

కండెలపాలెం అనే ఊళ్లో మార్కండేయులు అనే ఆయన ఉండేవాడు. చీర అంచు మీద నెమలి ఎక్కడ మెడ తిప్పాలో, కొంగు మీద తీగ ఎక్కడ పువ్వు పూయాలో గళ్ల కాగితం మీద గీసి ఇచ్చేవాడు. ఆ గీత చూసుకుంటూ అట్టలకు చిల్లులు కొట్టి, మగ్గానికి కట్టి, ఊరివాళ్లు చీరలు నేసేవారు. ఆయన గీత పడని పెళ్లిచీర ఆ ఊళ్లో అరుదు.

అలాంటివాడికి కంట్లో నీటికాసుల జబ్బు వచ్చింది. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమనీ వైద్యులు అన్నారు. గీసిన కాగితాలు చూద్దామంటే, ఒక వానాకాలం ఇల్లు కురిసినప్పుడు తడిసి ముద్దయిపోయాయి. నేత అయ్యాక అట్టలు ఎవరూ దాచలేదు. ఇక ఆ నమూనాలన్నీ ఆయన తలలోనే ఉన్నాయి.

ఆయనకు ఇద్దరు పిల్లలు. కొడుకు భావన్నారాయణ చురుకైనవాడు. ఏ పనైనా ఇవాళే అయిపోవాలంటాడు. కూతురు కాత్యాయని నిదానస్తురాలు; తెలియని సంగతి తెలుసుకునేదాకా అడుగు వేయదు. చూపు ఉండగానే నాన్న తలలో ఉన్నదంతా కంప్యూటరులో ఎక్కించాలని ఇద్దరూ అనుకున్నారు. భావన్నారాయణ పట్నం వెళ్లి, మూతపడిన ఒక ఆఫీసువాళ్లు అమ్మేసిన కంప్యూటరు కొన్నాడు. అక్కడే శ్యామలరావు అనే అతని దుకాణంలో లోపలంతా తుడిపించి, కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుని తెచ్చాడు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరు చేత పని చేయించేది. అది లేకపోతే తెర మీద ఒక్క గీత కూడా పడదు. దాన్ని తయారుచేసినవాళ్లు, కొన్నవాళ్లకు ఇరవై అయిదు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఇస్తారు. దాని పేరు ప్రొడక్ట్ కీ. ఆ గుర్తు నిజమైనదేనా, ఈ యంత్రానికి చెల్లుతుందా అని వాళ్లు సరిచూసి ఔననడమే యాక్టివేషన్.

పని మొదలైంది. మార్కండేయులు కళ్లు మూసుకుని చెప్పేవాడు, కాత్యాయని గీసేది. గీశాక ఆయన తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూసి, ఇక్కడొక గడి జరుపు, అక్కడొక గడి తగ్గించు అనేవాడు. కొన్ని ఊళ్లో నేసిన పాత నమూనాలు. కొన్ని ఎన్నడూ మగ్గమెక్కనివి. వాటిలో ఒక హంసల అంచు ఉంది. భార్య బతికుండగా ఆమె కోసం అనుకున్నది, పని ఒత్తిడిలో గీయలేకపోయినది. దాన్ని మాత్రం ఆయన ఎంతకీ సరిపోయిందనేవాడు కాదు.

అలా ఉండగా తెర మూల మసక మసకగా అక్షరాలు కనబడసాగాయి. యాక్టివేషన్ జరగలేదు, కీ ఇవ్వండి అని వాటి సారాంశం.

భావన్నారాయణ శ్యామలరావుకు ఫోన్ చేశాడు. అదెంత పని అని శ్యామలరావు అప్పటికప్పుడు ఒక కీ పంపాడు. అది ఎవరిదని కాత్యాయని అడిగింది. ఎవరిదైతే ఏం, తలుపు తెరుచుకుంటే చాలన్నాడు అన్న. నిజంగానే మసక అక్షరాలు మాయమయ్యాయి.

నెల తిరగకుండానే అవి మళ్లీ వచ్చాయి. ఈ కీని అనుమతికి మించి ఎన్నో యంత్రాల మీద వాడుతున్నారు, కనుక ఇది చెల్లదు అన్నది యంత్రం. తెర నల్లబడింది. ఆ కీ ఏనాడో ఎవరో ఒక సంస్థవాళ్లు తమ కోసం కొనుక్కున్నది. చేతులు మారి మారి ఊళ్లు తిరుగుతోంది.

ఈసారి శ్యామలరావు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో చిన్న ప్రోగ్రాం ఉందట. దాన్ని నడిపితే కీ లేకపోయినా ఉన్నట్టే యంత్రాన్ని నమ్మిస్తుందట. తన దుకాణంలో అందరికీ ఇదే వేస్తున్నానన్నాడు. కాకపోతే, దాన్ని నడిపేముందు యాంటీవైరస్ ఆపేయాలని చెప్పాడు.

కాత్యాయని అక్కడ ఆగింది.

"అన్నయ్యా, లోపలికి రాబోయేవాడు ముందు కాపలావాణ్ణి బయటికి పంపమంటున్నాడు. వాడెవడో మనకు తెలియదు. ఈ యంత్రం చేసిన కంపెనీ వాళ్లను ఒక మాట అడుగుదాం. రెండు రోజులు ఆగు."

"నేను ఆగుతాను. నాన్న కళ్లు ఆగుతాయా?" అన్నాడు భావన్నారాయణ.

 అన్న ప్రేమతోనే తొందరపడుతున్నాడని కాత్యాయనికి తెలుసు. పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కాపలా ఆపి, ప్రోగ్రాం నడిపాడు. తెర మళ్లీ తెల్లగా వెలిగింది. ఆ తరువాత చాన్నాళ్లు ఏ ఆటంకమూ లేకుండా పని సాగింది. చెల్లెలి భయం ఉత్తదే అనుకున్నాడు అన్న. తానే ఎక్కువ ఆలోచించానేమో అనుకుంది చెల్లెలు.

మార్కండేయులుకు కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి, తెరకు ఆనించి చూస్తే తప్ప, వెలుగూ నీడా మాత్రమే తెలిసేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే, హంసల అంచు ఇక సరిపోయిందని ఆయన అన్నాడు.

మర్నాడు కాత్యాయని కంప్యూటరు తెరిచేసరికి ఒక్క నమూనా కూడా తెరుచుకోలేదు. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి, అన్నీ పిచ్చిగీతలు. తెర మధ్యలో ఒక బెదిరింపు ఉంది. మీ పని అంతటికీ మేం తాళం వేశాం, సొమ్ము పంపితేనే తెరుస్తాం అని. చిన్న ప్రోగ్రాంలో దాక్కుని వచ్చినవాడు ఇన్నాళ్లూ లోపలే కూర్చుని, తన వేళ వచ్చాక పని ముగించాడు. మరోచోట నకలు పెట్టుకోవాలన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

శ్యామలరావును అడిగితే, అది తనకూ ఎవరో ఉచితంగా ఇచ్చారనీ, అందులో ఏముందో తనకు తెలియదనీ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. తెలియనిదాన్నే అందరికీ పంచాడు, అంతే. సొమ్ము పంపినా తిరిగి వస్తాయన్న నమ్మకం లేదని పట్నంలో తెలిసినవాళ్లు చెప్పారు.

తండ్రికి చెప్పక తప్పలేదు. భావన్నారాయణ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. 

"హంసలు కూడానా?" అన్నాడు మార్కండేయులు.

కొడుకు తల వంచుకున్నాడు. ఆయనకు అది కనబడదు. జవాబు రాకపోవడమే ఆయనకు జవాబు అయింది.

ఇక మూడోసారి పని కాత్యాయని చేతికి వచ్చింది. ఆమె ఎవరినీ కీ అడగలేదు. యంత్రం తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసింది. యంత్రం అడుగున ఉన్న నంబరు చదవమన్నారు, చదివింది. అవతలి మనిషి సరిచూసి, ఈ యంత్రాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా అమ్మామనీ, దాని కీ లోపలి బోర్డులోనే భద్రంగా ఉందనీ చెప్పాడు. యంత్రం ఎవరి దగ్గరుంటే ఆ కీ వాళ్ల దగ్గరున్నట్టే. కాకపోతే ఆ కీ ఒక రకానిది, శ్యామలరావు వేసింది పెద్ద సంస్థలు వాడే మరో రకం. అందుకే రెండూ కలవలేదు.

వాళ్లు చెప్పినట్టే ఆమె పాతదంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్ల దగ్గరి నుంచే సరైన రకం తెచ్చి వేసింది. కీ అడుగుతుందేమోనని ఎదురుచూసింది. అది ఏమీ అడగలేదు. లోపలి కీని తానే చదువుకుని, యాక్టివేషన్ అయిందని ఒక చిన్న మాట చూపించి ఊరుకుంది.

వెనక నిలబడి చూస్తున్న భావన్నారాయణ ముందుకు వంగి ఆ మాట మళ్లీ చదివాడు. "మొదటి రోజే ఇంట్లో ఉందా?" అన్నాడు.

"మొదటి రోజే ఉంది అన్నయ్యా. మనం అడగలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అది అతనికి మరీ కష్టంగా తోచింది.

యంత్రం బాగుపడింది గాని, పోయిన గీతలు రాలేదు. అప్పుడు కాత్యాయని ఇల్లిల్లూ తిరిగింది. నాన్న గీత మీద నేసిన చీర ఏదైనా ఉంటే కొన్నాళ్లు ఇమ్మని అడిగింది. కొందరు వెంటనే తీసి ఇచ్చారు. పిచ్చమ్మ అనే ముసలామె మాత్రం తన పెళ్లిచీర గడప దాటదంది. అయితే మేమే వస్తామని అన్నాచెల్లెళ్లు తండ్రిని ఆమె ఇంటికి నడిపించుకు వెళ్లారు.

మార్కండేయులు చీర అంచును ఒడిలో పరుచుకుని వేళ్లతో తడిమాడు. పోగు పోగూ లెక్కపెట్టి చెబుతుంటే భావన్నారాయణ రాసుకున్నాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ ఒక పోగు తప్పింది. ఇది నేసినవాడి తప్పు, నాది కాదు" అన్నాడు. పిచ్చమ్మ నవ్వింది. ఆ చీర నేసింది ఆమె భర్తే.

అలా ఊళ్లో నేసిన నమూనాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి కంప్యూటరులోకి వచ్చాయి. ప్రతిదానికీ వేరేచోట నకలు పెట్టుకున్నారు. మగ్గమెక్కనివి మాత్రం రాలేదు. హంసల అంచు కోసం కాత్యాయని ఎంత అడిగినా ఆయన తల అడ్డంగా ఊపాడు. దాన్ని కంటితో చూసుకుంటూ సరిచేశాననీ, ఇప్పుడు చెబితే అది వేరే హంస అవుతుందనీ అన్నాడు.

కొంతకాలానికి పక్కవీధి నేతగాడు చిత్తరంజన్ వచ్చాడు. తన కంప్యూటరు కూడా కీ అడుగుతోందనీ, మీ దగ్గరున్న ఆ పెన్‌డ్రైవ్ ఒకసారి ఇమ్మనీ భావన్నారాయణను అడిగాడు. అది పగలగొట్టి పారేశానన్నాడు అతను. ఎందుకని అడిగితే దాచుకోకుండా అంతా చెప్పాడు, హంసల సంగతితో సహా. తరువాత చొక్కా తొడుక్కుని, చిత్తరంజన్ వెంట వాళ్లింటికి నడిచాడు. ఆ యంత్రం అడుగున ఏ నంబరు ఉందో చూద్దాం పద అన్నాడు.

కనుక పిల్లలూ, మనది కాని తాళంచెవితో తెరిచిన తలుపు ఎవరికైనా తెరుచుకుంటుంది. కాస్త ఆగి అడిగి తెలుసుకున్నవారి ఇల్లే భద్రంగా ఉంటుంది.