పాలు విరిగిన రాయి

విశ్వపతి శాస్త్రిగారు రాజమహేంద్రవరంలో తర్కం చెప్పేవారు. అంతటి తార్కికుడూ, ప్రశ్న వేసినవాడితో మాత్రం వాదానికి దిగేవారు కాదు. వక్కపలుకు ఒకటి బుగ్గన పెట్టుకుని, ఎవరింట్లోనో జరిగిన సంగతి చెప్పేవారు. చెప్పడం అయ్యాక కాళ్లు కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయేవారు. అడిగినవాడికి జవాబు అందిందో లేదో కనుక్కునే అలవాటు ఆయనకు లేదు. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి మాకు ఒళ్లు మండేది.

మాలో ముకుందం అనేవాడు అందరికంటే తెలివైనవాడు, అందరికంటే నిలకడ లేనివాడు. మా దగ్గరకు రాకముందు కాశీలో ఒకరి దగ్గరా, కంచిలో మరొకరి దగ్గరా చదివాడు. ఒకచోట గురువుకు కోపం ఎక్కువట, ఇంకోచోట శిష్యులు ఎక్కువట. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవంటారు. వాడి నోరు మంచిదే పాపం, కాలితోనే చిక్కంతా.

ఒక సాయంకాలం పాఠం నడుస్తుండగా వాడు లేచి గుమ్మం దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పెరటి గోడ కూలినప్పటి నుంచీ మేకలు నేరుగా వసారాలోకి వచ్చేస్తుండేవి. వాటిని తోలడానికి లేచాడేమో అనుకున్నాం. మేకలేమీ రాలేదు. చివరకు స్తంభం పట్టుకుని నిలబడి, "గురువుగారూ, ఒక మాట అడగనా?" అన్నాడు.

"కూర్చుని అడుగు."

వాడు కూర్చోలేదు. "ఈ చోటు నాకు తగినదేనని, మీరు నాకు తగిన గురువేనని నాకెలా తెలియాలి? తెలియకుండానే నా వయసంతా ఇక్కడ ధారపోసి, చివరికి కాదని తేలితే ఏం చెయ్యాలి?"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. గురువుగారు మాత్రం గుమ్మం వైపు చూసి, "ఆ మూట నీదేనా?" అన్నారు.

"నాదేనండి. తీసుకువెళ్లడమా, విప్పడమా తేలక అక్కడే పెట్టాను."

గురువుగారు వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

ఈ ఊళ్లోనే కమలాకరం అని ఒకాయన కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి సూరమ్మగారు పెంచింది. ఆయనకు హైమ అనే అమ్మాయితో సంబంధం కుదిరింది. హైమ తండ్రి గురువుగారికి స్నేహితుడు కావడంతో ప్రధానానికి ముహూర్తం పెట్టింది కూడా గురువుగారే. ప్రధానపుటుంగరంలో వజ్రం ఒకటి పొదిగించాలని కమలాకరం ముచ్చటపడ్డాడు. మూలలున్న రాయి ఇంట్లో మాటకు మాట తెస్తుందని సూరమ్మగారు అంది కనుక గుండ్రటిదే కావాలన్నాడు.

నగల వర్తకుడు చలమయ్యగారు తెల్లకాగితం మడత విప్పి ఒక రాయిని ముందు పెట్టారు. కమలాకరం దాన్ని భూతద్దంలో చూశాడు. కాకిపాదం లాంటి దోషమేమైనా ఉందేమోనని వెదికాడు. వీధిలోకి తీసుకుపోయి ఎండలో చూశాడు, అరుగు నీడన చూశాడు, లోపలికొచ్చి ట్యూబులైటు కింద చూశాడు. దోషం దొరకలేదు. దొరక్కపోయేసరికి ఆయనకు మరీ అనుమానం వేసింది.

"ఉంగరంలో దీన్ని ఏ వైపుకు తిప్పి పెట్టాలండీ?" అని అడిగాడు.

"గుండ్రటి రాయికి ఆ బాధే లేదు బాబూ. ఎటు తిప్పినా ఒకటే."

"ఎటు తిప్పినా ఒకటే అయితే, సరిగ్గా పెట్టామని ఎలా తెలుస్తుంది?"

చలమయ్యగారు జుట్టు నెరిసేదాకా వజ్రాలు అమ్మారు గాని ఈ ప్రశ్న ఎన్నడూ వినలేదు. "ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అన్నారు.

కొందరి ఇళ్లల్లో వజ్రాన్ని చూసి కొనరు, ఉంచుకుని కొంటారు. పసుపుగుడ్డలో కట్టి మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుంటారు. మంచి జరిగితే అచ్చివచ్చిందని ఉంచుకుంటారు, చెడు జరిగితే తిరిగి ఇచ్చేస్తారు. వర్తకులు కూడా దీన్ని తప్పుపట్టరు. కమలాకరం రసాయనశాస్త్రం కాలేజీలోనే ఉండిపోయింది. రాయి దిండు కిందికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే పొయ్యి మీద పాలు విరిగాయి. సూరమ్మగారు పాలను చూసింది, కొడుకు దిండు వైపు చూసింది. ఇంకో మాట లేకుండా రాయి కొట్టుకు తిరిగి వెళ్లిపోయింది. రెండో రాయి వచ్చిన పూటే సూరమ్మగారికి పడిశం పట్టింది. ఆ రాయికీ అదే గతి పట్టింది.

మూడో రాయితో అసలు తంటా వచ్చింది. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ కమలాకరం కాలు ఒకచోట నిలవలేదు. పాలగిన్నె మూత తీసి చూసేవాడు. తల్లి వెనకాలే నూతి దగ్గరికి వెళ్లి, "తలనొప్పిగా ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగేవాడు. కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయి, ఇంటి దగ్గర ఏమవుతుందో అనుకునేవాడు. ఏమీ కాలేదు. పాలు చక్కగా తోడుకున్నాయి, ఆవిడ హాయిగా నిద్రపోయింది. గడువు తీరాక కమలాకరం ఆ రాయిని కూడా పట్టుకుని కొట్టుకు పరిగెత్తాడు. వెనకాలే సూరమ్మగారూ వచ్చి కూర్చుంది.

"చెడు జరగలేదు, సరే. మంచి మాత్రం ఏం జరిగింది?" అన్నాడు.

అప్పటికి ప్రధానం రేపనగా వచ్చేసింది. ఉంగరం అందాజు కొలతతో దాదాపు తయారై, రాయి కూర్చోవలసిన చోట బోసిగా ఉంది. ఇంతలో హైమ తండ్రి, గురువుగారు కలిసి హైమను వెంటబెట్టుకుని అదే కొట్టుకు వచ్చారు. రాళ్ల గొడవలో పడి ఇన్నాళ్లూ పిల్ల వేలి కొలత తీసుకోవాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. చలమయ్యగారు కొలత ఉంగరాల గుత్తి తీసి హైమ చేతికిచ్చారు. ఆ అమ్మాయి ఒకటి వేలికి ఎక్కించుకుంటూ ఉండగా, బల్లకు ఆ చివర కూర్చున్న సూరమ్మగారు నిట్టూర్చి, "ఈ సంబంధం అనుకున్న దగ్గర్నుంచీ ఇంట్లో ఏదో ఒకటి. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అని పెద్దలు ఊరికే అన్నారా!" అంది. మెల్లిగానే అంది. కాని అది చిన్న కొట్టు.

హైమ చెయ్యి సగంలో ఆగిపోయింది. కమలాకరాన్నే నేరుగా అడిగింది.

"మొదటి రాయి ఎందుకు వద్దన్నారండీ?"

"పాలు విరిగాయండి."

"రెండోది?"

"అమ్మకు పడిశం పట్టింది."

"మూడోది?"

కమలాకరం మెడ తడుముకున్నాడు. "ఏమీ కాలేదండి."

కొట్లో అందరూ నవ్వారు. హైమకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చినంత పనైంది. "నేను మీ ఇంటికొచ్చాక పాలు విరక్కుండా ఉంటాయా? అత్తయ్యగారికి పడిశం పట్టకుండా ఉంటుందా? రాయినైతే చలమయ్యగారు వెనక్కి తీసుకుంటారు. నన్నెవరు తీసుకుంటారు?"

"అమ్మాయ్!" అన్నాడు తండ్రి. ఆ పిల్ల అప్పటికే కొలత ఉంగరాన్ని వేలినుంచి తీసి బల్ల మీద పెట్టేసింది. ఆ క్షణాన సంబంధం తెగిపోయినట్టేనని గురువుగారు కూడా అనుకున్నారట.

కమలాకరం ఆ ఉంగరం వంక చూశాడు. "నాకు భయమండీ" అన్నాడు. "మా నాన్న పోయిన రోజున పొద్దున్న అన్నీ మామూలుగానే ఉన్నాయి. పాలు విరగలేదు, పిల్లి ఎదురు రాలేదు. నాన్న నా పలక మీద అక్షరాలు దిద్దించి బజారుకు వెళ్లారు, మరి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఏమీ జరక్కపోతేనే నాకు ఎక్కువ భయం."

సూరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు మనసులో ఈ మాట ఇన్నేళ్లుగా ఉందని ఆవిడకు తెలియదు.

హైమ గొంతు కొంచెం తగ్గింది. "పెళ్లిచూపులనాడు మీరు కాఫీ అంతా చొక్కా మీద ఒలకబోసుకున్నారు, గుర్తుందా?"

"ఉందండి."

"మా ఇంట్లో అందరూ అపశకునం అన్నారు. నేను మాత్రం మీ చెయ్యి వణికిందనుకున్నాను."

కమలాకరం తన వెంట తెచ్చిన పొట్లం చలమయ్యగారి ముందు పెట్టి, "మొదటిది ఇవ్వండి. పాలు విరిగిందే ఇవ్వండి" అన్నాడు. "ఒరేయ్!" అంది సూరమ్మగారు, అలవాటు కొద్దీ. చలమయ్యగారు రాయి తీసి చేతిలో పెడితే, కమలాకరం ఈసారి భూతద్దం అడగలేదు. హైమ బల్ల మీది కొలత ఉంగరాన్ని మళ్లీ వేలికి ఎక్కించుకుని చెయ్యి చాపింది.

ఇంతవరకు చెప్పి గురువుగారు ఆగారు. అదే ముగింపని మాకు అర్థమైంది గాని, ముకుందానికి తృప్తి కలగలేదు. స్తంభం వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"తరవాత ఆ ఇంట్లో పాలు విరగలేదా గురువుగారూ?"

"విరక్కేం? ఎన్నిసార్లో! విరిగినప్పుడల్లా హైమ పంచదార పోసి కోవా చేస్తుంది. మొన్న నువ్వు రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నావే, ఆ కోవా వాళ్లింటి నుంచి వచ్చిందే."

మేం నవ్వాం. ముకుందమూ నవ్వబోయాడు గాని, మొహం మళ్లీ చిన్నబోయింది. "కాని నేనడిగింది..." అన్నాడు. వాడికి ఆ ప్రశ్న పుండులా ఉందని ఆ గొంతు వింటే తెలిసింది. అప్పటిదాకా వాడి మీద ఉన్న కోపం నాకు ఎటుపోయిందో పోయింది.

గురువుగారు కాళ్లు కడుక్కోవడానికి లేచారు. గుమ్మంలో మూట అడ్డం ఉంటే తొక్కకుండా పక్కకు జరిగి, పెరట్లోకి దిగబోతూ ఒక్క క్షణం ఆగారు.

"మన పెరటి గోడ కూలింది నువ్వొచ్చిన రోజునే ముకుందం. అందరూ ఏమేమో అన్నారు. నాకు మాత్రం నువ్వు తడిసి వచ్చావనే గుర్తు."