కొండదారిలో మరిగిన బండి

పరదేశయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చేతిలో పని ఆగేది కాదు. కలుపు తీస్తుంటే కలుపే తీసేవారు, చాప అల్లుతుంటే చాపే అల్లేవారు. అడిగినవాడికి తన ప్రశ్న తనకే మరోసారి వినపడేదాకా మాట్లాడేవారు కారు. పార్వతీపురానికి అవతల, కొండల మొదట్లో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఆయన దగ్గర చాలాకాలంగా ఉన్నవాళ్లు ఆ మౌనానికి అలవాటుపడ్డారు. వైకుంఠరావు మాత్రం ఇంకా పడలేదు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరై వచ్చిన అతనికి అడిగిన వెంటనే జవాబు రావాలి.

ఒక వేసవి పొద్దున అతను గురువుగారి ఎదురుగా కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, తప్పు చేసినవాణ్ని నిజంగా క్షమించడం ఎలాగండీ? పైకి క్షమించానంటున్నాను. లోపల మాత్రం వాడి పేరు తలచుకుంటే చాలు, ఒళ్లు మండుతోంది."

వాడంటే ఎవరో ఆశ్రమంలో అందరికీ తెలుసు. తవిటయ్య. ఆశ్రమానికి ఒక పాత పికప్ బండి ఉంది. ప్రతి సోమవారం బియ్యం, పప్పు, మందులు వేసుకుని కొండమీద సవర గూడేలకు వెళ్లి వచ్చేది. ఆ బండి ఆశ్రమానికి వచ్చిన నాటినుంచి తోలింది తవిటయ్యే. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి బండికి వేడెక్కే జబ్బు పట్టుకుంది. కింద రోడ్డుమీద బాగానే నడిచేది. కొండ ఎక్కడం మొదలుపెట్టాక వేడి చూపే మీటరులో ముల్లు ఎర్రగీత వైపు పోయేది. సగం దారిలో ఆపి, చల్లారేదాకా కూర్చుని, నీళ్లు పోసుకుని మళ్లీ బయల్దేరాల్సి వచ్చేది. ఒకసారి తొందరలో రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు చిమ్మి తవిటయ్య ముంజేయి బొబ్బలెక్కింది.

నిర్వహణ అంతా చూసుకునేది వైకుంఠరావే కనుక బండిని తనే దగ్గరుండి మెకానిక్‌కు చూపించాడు. మెకానిక్ రేడియేటర్ విప్పి కడిగాడు, థర్మోస్టాట్ కొత్తది వేశాడు, ఫ్యాన్ బెల్టు మార్చాడు. షెడ్డులో ఎంతసేపు ఇంజన్ ఆడించినా ముల్లు మధ్యనుంచి కదల్లేదు. "బండిలో ఏం లేదండీ" అన్నాడు. మరుసటి సోమవారం కొండమీద మళ్లీ అదే కథ. బండిలో ఏమీ లేకపోతే లోపం తోలేవాడిలోనే ఉండాలి కదా అని వైకుంఠరావు తేల్చుకున్నాడు. ఆదివారం సత్సంగానికి నలుగురూ చేరిన చోట, అందరూ వింటుండగా తవిటయ్యను నిలబెట్టి కడిగేశాడు. "గేరు మార్చడానికి బద్ధకం. మీటరు చూడ్డానికి బద్ధకం. నీ నిర్లక్ష్యానికి చెయ్యి కాలింది, సరిపోయింది. ఇంజన్ కూడా కాలాలా?" అని చెయ్యి చాచి తాళాలు అడిగాడు. తవిటయ్య కట్టు కట్టిన చేత్తోనే జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు. "నేను చూసుకునే తోలుతున్నానండీ బాబుగారూ" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత టౌన్నుంచి వచ్చిన కొత్త డ్రైవరు చేతుల్లో కూడా బండి మరిగింది. తవిటయ్య అప్పటికే ఇంజన్ను పాడుచేసి పోయాడని వైకుంఠరావు అందరికీ చెప్పాడు.

ఇప్పుడు అతణ్ని క్షమించే దారి కోసమే గురువుగారి దగ్గరికి వచ్చాడు. పరదేశయ్యగారు తాటాకు చాప అల్లిక ఒక వరస పూర్తిచేసి, కొస మడిచి, తలెత్తారు.

"రేపు సోమవారం. బండి నువ్వు తోలు నాయనా. నేనూ వస్తాను."

వైకుంఠరావుకు డ్రైవింగు కొత్త కాదు. సరిగ్గా తోలితే ఎలా ఉంటుందో చూపించే అవకాశం దొరికిందని లోలోపల సంతోషించాడు కూడా. మర్నాడు బియ్యం బస్తాలు వేయించి, గురువుగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఘాట్ మొదలవగానే గేరు తగ్గించాడు. ఇంజన్ మీద ఎక్కడా ఒత్తిడి పెట్టలేదు. కళ్లు మీటరు మీదే ఉంచాడు. మూడో మలుపు తిరిగేసరికి ముల్లు లేచింది. అతను ఇంకా నెమ్మదించాడు. ముల్లు ఇంకా లేచింది. మరిగిన నీళ్ల వాసన లోపలికి వచ్చాక దారి పక్కన కాస్త వెడల్పున్న చోట ఆపక తప్పలేదు.

ఇంజన్ ఆడుతుండగానే బానెట్ ఎత్తాడు. నీళ్ల డబ్బాలో మట్టం సరిగానే ఉంది. పైపులు ఎక్కడా కారడం లేదు. బెల్టు బిగువుగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. మరి గాలి లాగుతోందా లేదా అని చూడటానికి బండి ముందుకు వచ్చి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

బండి ముందు జాలీకి అడ్డంగా, గార్డు కమ్మీలకు కట్టిన ఫ్లెక్సీ ఉంది. మాఘమాసంలో గురువుగారి ఎనభయ్యో ఏటి ఉత్సవానికి వైకుంఠరావే అచ్చు వేయించి కట్టించాడు. మధ్యలో గురువుగారి నిండైన ముఖం. కింద మూలన వైకుంఠరావు ఫోటో, "ఉత్సవ నిర్వహణ" అని పక్కనే పెద్ద అక్షరాల్లో అతని పేరు. ఉత్సవం అయిపోయి నెలలు గడిచినా దాన్ని విప్పలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లిన రోజు మాత్రం గురువుగారి ముఖానికి గ్రీజు మరకలు అంటకూడదని తనే భక్తిగా విప్పి, మడిచి, పైపంచెలో చుట్టిపెట్టాడు. తిరిగి వచ్చాక తనే మళ్లీ కట్టాడు.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ లోపలి ఫ్యాను పీల్పుకు జాలీకి తడిగుడ్డలా అతుక్కుపోయి ఉంది. జాలీ ఊచలు ఒక్కొక్కటీ దానిమీద ఉబ్బి కనిపిస్తున్నాయి. వైకుంఠరావు ఒక కొస పట్టి లాగాడు. టప్పున ఊడింది. ఊడగానే ఆగిపోయిన ఊపిరి అందినట్టు గాలి హోరుమని లోపలికి పోయింది. కాసేపటికి ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

అతను ముళ్లు విప్పి ఫ్లెక్సీని వెనక బస్తాలమీద పడేసి వచ్చి కూర్చున్నాడు. తర్వాతి ఎత్తంతా ముల్లు మధ్యలోనే నిలిచింది. దారి ఇంకా నిట్టనిలువుగా ఉంది, ఎండ ఇంకా పెరిగింది, అయినా కదల్లేదు. అప్పుడతను చేసిన పని తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. మళ్లీ బండి ఆపాడు. దిగి వెళ్లి ఫ్లెక్సీ తెచ్చి, ఎప్పటిలాగే కమ్మీలకు బిగించి కట్టాడు. బండి మరగకూడదు, ఒక్కసారి మరగకుండా ఉంటే చాలు, తప్పు ఇంకెక్కడో ఉందని తేలితే చాలు అని మనసులో మొక్కుకుంటూనే తోలాడు. ముల్లు లేచింది. గురువుగారు కిటికీలోంచి లోయ వైపు చూస్తూ కూర్చున్నారు. రెండోసారి విప్పుతున్నప్పుడు మాత్రం దిగి వచ్చి ఫ్లెక్సీని ఒకసారి పరకాయించి చూశారు.

"నా ముఖం ఇంత పెద్దదా నాయనా?" అన్నారు.

వైకుంఠరావు ముళ్లు విప్పుతూనే ఉన్నాడు. గురువుగారి ముఖం కోసమే దాన్ని ఉంచానని ఇన్నాళ్లూ తనకు తను చెప్పుకున్నాడు. ఆ బండి ఎక్కడ కనిపించినా తన కళ్లు ముందు ఏ మూలకు పోయేవో అతనికి తెలుసు.

గూడేల్లో బియ్యం దించి తిరిగి వస్తూ, గురువుగారు చెప్పకుండానే, బండిని తవిటయ్య ఉండే వీధి వైపు తిప్పాడు. బండి తాళాలు ఇచ్చేశాక తవిటయ్య జీడిపప్పు బట్టీలో పనికి పోతున్నాడు. అప్పుడే వచ్చినట్టున్నాడు, అరుగుమీద కూర్చుని జీడి మరకలంటిన వేళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ముంజేయిమీద కాలిన చోట చర్మం గులాబిరంగులో మెరుస్తోంది. అతని భార్య పైడితల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గురువుగారు బండి దిగలేదు.

వైకుంఠరావు జరిగిందంతా చెప్పాడు. దాచకుండానే చెప్పాడు. "తప్పు నాది తవిటయ్యా, నీది కాదు" అని చేతులు జోడించాడు. తవిటయ్య చప్పున లేచి నిలబడ్డాడు. భార్య వైపు చూశాడు. మాట్లాడింది ఆవిడే.

"తిట్టింది ఊరందరి ఎదరానండి బాబూ. ఇప్పుడేమో మా గుమ్మంలో, ఎవులూ లేనప్పుడు చెప్తన్నారు."

ఆవిడ గొంతు పెంచలేదు. చెంపదెబ్బ కొట్టినా వైకుంఠరావుకు అంత తగిలేది కాదు. ఎవరూ చూడని వేళ చూసుకుని వచ్చానని అప్పటిదాకా అతనికీ తెలియదు. వెనక్కి తిరిగి బండెక్కాడు.

ఆ ఆదివారం సత్సంగంలో, తవిటయ్యను నిలబెట్టిన చోటే తను నిలబడ్డాడు. ఫ్లెక్సీ సంగతి, తన పేరు సంగతి, కాలిన చేతిని కూడా ఎత్తిపొడిచిన సంగతి వరసగా చెప్పాడు. చెప్పి కూర్చోగానే చుట్టుపక్కలవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "ఎంత పెద్దమనసండీ మీది, ఇంత వయసులో ఇలా ఒప్పుకోవడం ఎవరివల్ల అవుతుంది?" అన్నారు. ఒకాయన వచ్చి కాళ్లకు దండం కూడా పెట్టాడు. ఆ మెచ్చుకోళ్లు చెవిన పడుతున్నకొద్దీ లోపల ఎక్కడో సన్నగా ఒక తీపి కదిలింది. దాన్ని గుర్తుపట్టి వైకుంఠరావు సిగ్గుతో ముడుచుకుపోయాడు. వెనక వరసలో ఉన్న తవిటయ్య కోసం చూశాడు. తవిటయ్య చివరిదాకా విని, చెప్పులు వేసుకుని వెళ్లిపోతున్నాడు. అతణ్ని ఎవరూ పలకరించలేదు. జనమంతా వైకుంఠరావు చుట్టూనే ఉన్నారు.

వాళ్లను తప్పించుకుని అతను గురువుగారి దగ్గరికి వచ్చాడు. ఆయన జంపఖానాలు మడుస్తున్నారు. వైకుంఠరావు రెండో కొస పట్టుకున్నాడు. తాళాలు తిరిగి ఇస్తానని కబురు పంపితే తవిటయ్య అవుననీ అనలేదు, కాదనీ అనలేదని చెప్పాడు. కొస వదలకుండా, నేలచూపులు చూస్తూ అడిగాడు.

"తవిటయ్య నన్ను క్షమిస్తాడాండీ?"

పరదేశయ్యగారు మడత సరిచేశారు. దుమ్ము దులిపారు. జంపఖానా అతని చేతుల్లో పెట్టారు.

"క్షమించడం ఎలాగని నన్ను అడగాల్సినవాడు ఇంకా రాలేదు నాయనా" అన్నారు.