విమానానికి కాపలా వెళ్ళిన భీముడు

రోడ్డు మలుపుకి కాస్త లోపలగా, చెరుకుతోటను ఆనుకుని అబ్బులు పశువుల దొడ్డి ఉంది. చుట్టూ కంపదడి, ఒక తాటాకు పాక, పాకలో గుంజకు కట్టేసిన మల్లెద్దు. దొడ్డిలో చుక్కలపెట్ట, దాని పిల్లలు. అందరికీ కాపలా భీముడనే కుక్క. పేరుకు తగ్గ ఒళ్ళు లేదు గానీ, గొంతు మాత్రం ఊరికి సరిపడా ఉంది. చెరుకుతోటలో ఉండే నక్క ఆ గొంతుకు జడిసే ఇన్నాళ్ళూ దడి దాటలేదు.

అయితే భీముడికి ఒకటే దిగులు. ఇంత గొంతు పెట్టుకుని తను కాస్తున్నది దేన్ని? కోడిపిల్లల్ని! ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్విపోరూ?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆ మలుపులో ఓ పొడుగాటి లారీ ఆగింది. దాని మీద రిటైరైన యుద్ధవిమానం. రెక్కలు ఊడదీసి వెనక ఇంకో లారీలో వేశారు. పట్నంలో పార్కులో నిలబెట్టడానికి తీసుకెళ్తున్నారట. మలుపులో కరెంటు తీగలు మరీ కిందికి వేలాడుతున్నాయి. లైన్‌మన్ వచ్చి వాటిని పైకి ఎత్తేదాకా లారీ కదలడానికి లేదు. సంగతి తెలిసి ఊరంతా రోడ్డెక్కింది. అబ్బులూ, అతని పెళ్ళాం అచ్చియ్యమ్మా దొడ్డి తడిక దగ్గరికి లాగేసి అటే పరిగెత్తారు.

అప్పుడొచ్చింది నక్క. దడి అవతల నిలబడి ఎంతో వినయంగా తల వంచింది.

"ఒక్కడుగు ముందుకేశావంటే పీక కొరికేస్తా" అన్నాడు భీముడు.

"అయ్యో, నేను లోపలికి రావడానికి రాలేదండీ భీముడు గారూ. మిమ్మల్ని బయటికి పిలుద్దామని వచ్చాను."

గారూ అన్న పిలుపు భీముడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మొరగడం మానేసి, "ఎందుకంట?" అన్నాడు.

"ఆ విమానం ఎవరనుకున్నారు? ఆకాశమంతా తిరిగి దేశానికి కాపలా కాసిన మహానుభావుడు. ఇవాళ రెక్కలు ఊడదీసి రోడ్డు మీద పడేశారు. పిల్లా జెల్లా ఎక్కి తొక్కుతుంటే అడిగే దిక్కు లేదు. నాకే కడుపు తరుక్కుపోతోందండీ, మీకు ఇంకెలా ఉండాలి? మీ వృత్తివాడే కదా!"

మల్లెద్దు నెమరు ఆపింది. "ఒరే భీమా, దానికి ముందూ వెనకా జీపులున్నాయి. జీపుల నిండా మనుషులున్నారు. నువ్వెళ్ళి కాసేదేంటిరా?"

"ఆ జీపుల్లో వాళ్ళు కునుకు తీస్తున్నారు తాతా. నేను చూసే వచ్చాను" అంది నక్క.

"మరి ఈ పిల్లల సంగతి?" అన్నాడు భీముడు. అడగాలి కాబట్టి అడిగాడు గానీ, ఒక కాలు అప్పటికే తడికవైపు తిరిగింది.

"ఇక్కడ మీ కాపలా ఎవరి నుంచండీ? నా నుంచేగా! నేనూ మీ పక్కనే నడుస్తాను. దొంగ మీ కళ్ళెదుటే ఉంటే ఇక దొంగతనం ఎవరు చేస్తారు?"

భీముడికి ఆ మాట సబబుగానే తోచింది. సబబుగా తోచాలని తనే కోరుకుంటున్నాడు మరి.

చుక్కలపెట్ట పిల్లల్ని దగ్గరికి పిలుచుకుంటూ, "వెళ్ళకు అన్నా. ఇంట్లో మనుషులు కూడా లేరు" అంది.

"ఎంత దూరం చెల్లీ? ఒక్క కేక వెయ్యి, వచ్చి వాలిపోతాను."

అలా అని తడిక సందులోంచి దూరి బయటపడ్డాడు. దారి పొడుగునా నక్క అతణ్ణి మునగచెట్టు ఎక్కిస్తూనే ఉంది. మీ నడకే వేరన్నది, మీ చూపే వేరన్నది. రోడ్డు ఇంకాస్త దూరముందనగా ఆగిపోయింది.

"నన్ను చూస్తే జనం రాళ్ళేస్తారండీ. నేనీ చెరుకులోంచే చూస్తుంటాను. మీరు వెళ్ళి విమానం ముక్కు కింద కూర్చోండి. అక్కడైతే అందరికీ కనబడతారు."

భీముడు వెనక్కి తిరిగి చూడలేదు.

జనం కాళ్ళ మధ్య దూరి వెళ్ళి, లారీ ముందుకు పొడుచుకొచ్చిన విమానం ముక్కుకు సరిగ్గా కింద ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. పైనుంచి ఇంజనాయిల్ వాసన గుప్పుమంది. ఎవడో కుర్రాడు చూసి, "ఒరేయ్, విమానానికి సెక్యూరిటీ వచ్చిందిరోయ్!" అని అరిచాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు మర్యాద అనుకున్నాడు భీముడు. ఫోన్లు పైకి లేచాయి. ఒకాయన అయితే పక్కనే గొంతుక్కూర్చుని, భీముడి మెడ మీద చెయ్యేసి మరీ ఫోటో దిగాడు. బతుకులో ఇంతకన్నా ఏం కావాలి!

అప్పుడు వినబడింది కేక.

"భీముడన్నా!"

చుక్కలపెట్ట గొంతే. భీముడు దిగ్గున లేచాడు.

"కూర్చో, కూర్చో. కదలకు, ఇంకొక్కటి" అన్నాడు ఫోన్ పట్టుకున్నవాడు.

భీముడు కూర్చున్నాడు.

ఈ ఒక్క ఫోటో అయ్యాక వెళ్దాం అనుకున్నాడు. నక్క చెరుకులోనే ఉందిగా, పెట్ట ఊరికే హడలిపోతోంది అని కూడా అనుకున్నాడు. రెండో కేక వచ్చింది. ఆ వెంటనే మల్లెద్దు రంకె. మెడలో తాడుతో అది మాత్రం ఏం చేస్తుంది? ఆ తర్వాత అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. చప్పుడు ఆగిపోయింది గనక ఏమీ లేదనుకుని, భీముడు తోక సర్దుకుని కెమెరా వైపు చూశాడు.

ఇంతలో లైన్‌మన్ వచ్చాడు. తీగలు లేచాయి, లారీ హారన్ కొట్టింది. "హేయ్, అడ్డం లే!" అంటూ క్లీనర్ కర్ర ఝళిపించాడు. ఫోటో దిగినాయన అటు చూడనైనా లేదు. విమానం తన దారిన తను వెళ్ళిపోయింది.

భీముడు తిరిగొచ్చేసరికి దొడ్డిలో ఈకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చుక్కలపెట్ట ఒక మూల ముడుచుకుని ఉంది. దాని మెడ మీద రక్తం, రెక్క కింద ఒకే ఒక్క పిల్ల. మిగతావి లేవు.

"రంకె వేశాను కదరా. వినబడలేదా?" అంది మల్లెద్దు.

భీముడు నేల చూపులు చూశాడు. "జనం గోలలో... వినబడలేదు తాతా."

ఆ అబద్ధం నోట్లోంచి వచ్చాక ఒళ్ళంతా చీదర పుట్టింది.

అబ్బులు, అచ్చియ్యమ్మ తిరిగొచ్చారు. అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. అబ్బులు ఈకలు చూసి, పళ్ళు కొరికి, ఆ కోపమంతా పెట్ట మీద చూపించాడు. "దిక్కుమాలింది, పిల్లల్ని చూసుకోవడం కూడా చేతకాలేదు! పాపం, మన భీముణ్ణి ఏమనగలం? మన వెనకాలే రోడ్డు మీదకొచ్చాడు. వాడే గనక ఇంటి దగ్గరుంటే నక్క ఈ ఛాయలకి వచ్చేదా?" భీముడి తల నిమిరి, చట్టిలో ఇంత అన్నం, దాని మీద చేప పులుసు పోయించాడు.

భీముడికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది, నాలుగు తన్నినా బాగుండేది. పెట్ట ఎదురుగానే ఉంది. మనుషులతో చెప్పే నోరు దానికి లేదు. తను మాట్లాడగలిగిన తాతకేమో అబద్ధం చెప్పాడు. పులుసు వాసన ముక్కుకు తగులుతున్నా చట్టిలో మూతి పెట్టలేదు.

చాలాసేపయ్యాక లేచి, కడుపు నేలకు ఆనించి పాకుతూ మూలకి వెళ్ళాడు.

"చెల్లీ, వినబడింది. రెండు కేకలూ వినబడ్డాయి. తాత రంకె కూడా."

"తెలుసన్నా" అంది చుక్కలపెట్ట. "పిల్ల గుడ్డులోంచి ముక్కు బయట పెడుతుంటేనే నాకంటే ముందు నీకు వినబడేది."

మిగిలిన ఆ ఒక్క పిల్లనీ రెక్క కిందకి ఇంకాస్త లాక్కుని, అటు తిరిగి పడుకుంది.

నీతి: మనల్ని నమ్ముకున్నవాళ్ళను వదిలి, మన అవసరమే లేనివాళ్ళ ముందు గొప్పకి నిలబడితే, చివరికి ఇంట్లోవాళ్ళకే ముఖం చూపించలేం.