రెండు వేళ్ల తేడా

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ నెత్తిన ఒక కోట. ఆ కోటలో ఒక రాజు. రాజు ఎప్పుడు బయటికి వచ్చినా ఆయనకు పదడుగుల ముందు వెండి బెత్తం పట్టుకుని ఒక బంటు నడిచేవాడు. మన కథ రాజుది కాదు, ఆ బంటుది.

అతని పేరు ఓబన్న. మడమల దాకా తెల్లని లాగు, ఎర్రని నడికట్టు, చేతిలో బెత్తం. "ప్రభువుల వారు వస్తున్నారు, దారి ఇవ్వండి" అని అతను అడుగు వేస్తే వీధి వీధంతా పక్కకు తొలగేది. "నడకంటే ఓబన్నదే" అని జనం చెప్పుకునేవారు. ఆ మాట అతని చెవిన పడేది. పడిన ప్రతిసారీ ఛాతీ ఇంకొంచెం ముందుకు వచ్చేది.

బెత్తం పట్టే బంటు ఏటా దసరాకు కొత్త లాగు తొడగాలని కోటలో ఆచారం. ఓబన్న లాగులన్నీ అతని భార్య చెంగమ్మే కుట్టేది. దసరాకు నెల రోజుల ముందు దారం ఉండ పట్టుకుని అతని కాళ్ల దగ్గర కూర్చునేది.

"ఒక్క గడియ కదలకుండా నిలబడయ్యా, కొలత తీసుకుంటాను" అనేది.

"ఏటేటా ఎందుకీ కొలతలు? నా కాళ్లేమన్నా పెరుగుతున్నాయా?" అని ఓబన్న విసుక్కునేవాడు.

ఆమె కొలుచుకుని, కత్తిరించుకుని, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా కుట్టుకుంటూ కూర్చునేది. పండుగనాడు అతను తొడుక్కుని వెళ్లిపోయేవాడు. నాలుగు కుట్లు వేయడం కూడా ఒక పనేనా అనుకునేవాడు. అలా ముప్పై ఏళ్లు గడిచాయి.

ఆ ఏడు వానాకాలంలో చెంగమ్మకు జ్వరం వచ్చింది. మొదటి రోజు లేచి వంట చేసింది. రెండో రోజు మంచం దిగలేదు. మూడో రోజు తెల్లవారేసరికి కన్ను మూసింది.

పిల్లలు లేని ఇల్లు. పొయ్యిలో బూడిద, దండెం మీద ఆమె చీర, మూలన సూదులు పెట్టుకున్న బుట్ట. ఓబన్న గడప మీద కూర్చునేవాడు, ఆ బుట్ట వైపు మాత్రం చూసేవాడు కాదు.

కానీ దసరా ఎవరి కోసమూ ఆగదు కదా. ఇంక పది రోజులుందనగా కోట నుంచి తెల్లని గుడ్డ వచ్చింది. పాత లాగు చూసుకుంటే మోకాళ్ల దగ్గర చిరుగులు పట్టింది. దర్జీకి ఇవ్వబోయి ఓబన్న ఆగాడు. "ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కుట్టిన లాగే కదా. నేను కుట్టుకోలేనా?" అనుకున్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ బుట్ట ముందుకు లాక్కున్నాడు.

సూదిలోకి దారం ఎక్కించడానికే పొద్దెక్కింది. గుడ్డ పరిచి, కంటితోనే చూసుకుని, రెండు కాళ్లూ సమానంగా కత్తిరించాడు. వేళ్లకు సూది గుచ్చుకుంటూ మూడు రోజులు కుట్టాడు. తొడుక్కుని నిలబడితే కుడికాలు బాగానే ఉంది. ఎడమకాలు నేల మీద జీరాడుతోంది.

"కత్తిరించడంలో పొరపాటు చేశాను" అనుకున్నాడు.

మిగిలిన గుడ్డ మళ్లీ పరిచాడు. ఈసారి జానలు వేసి, వేళ్లు లెక్కపెట్టి, వెంట్రుక వాసి తేడా లేకుండా రెండు కాళ్లూ కత్తిరించాడు. మళ్లీ మూడు రోజులు. తొడుక్కుని నిలబడితే మళ్లీ అంతే. ఎడమకాలు జీరాడుతోంది. నాలుగడుగులు వేస్తే కాలికి చుట్టుకుని తూలిపడబోయాడు.

పక్కింటి గురవమ్మ అంబలి ముంత పట్టుకుని వచ్చేసరికి ఓబన్న ఆ లాగును ఒళ్లో వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె పెద్దది. చెంగమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంటికి అక్క వరస.

"రెండు కాళ్లూ సమంగా కోశానక్కా. కొలిచి మరీ కోశాను. అయినా ఎడమది నేల రాస్తోంది. ఇదేం గుడ్డో" అన్నాడు ఓబన్న.

గురవమ్మ ముంత కింద పెట్టి, "చెంగమ్మ కుట్టిన పాతదుందిగా నాయనా. దాన్ని విప్పి, గుడ్డ మీద పరుచుకుని కోసుకో" అంది.

ఓబన్న పాత లాగు తీశాడు. ఆమె వేసిన కుట్టు ఒక్కొక్కటే సూదిమొనతో విప్పాడు. ఎంత సన్నని కుట్లో, విప్పడానికి చేతులు రాలేదు. రెండు కాళ్లూ విడదీసి ఒకదాని మీద ఒకటి పరిచాడు.

ఎడమది పొట్టిగా ఉంది. సరిగ్గా రెండు వేళ్లు.

మళ్లీ పరిచి చూశాడు. రెండు వేళ్లే. నడుము దగ్గర కూడా ఎడమవైపు కాస్త ఎత్తుగా కోసి, తుంటి వాలు కనబడకుండా సర్దింది. మోకాళ్ల లోపల మెత్తని పాత చీర ముక్క మడతపెట్టి కుట్టింది. రాజు ముందు గంటల తరబడి మోకరిల్లే మనిషి కదా.

ఓబన్న లేచి, గోడకు ఆనుకుని నిలబడి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చిన్నతనంలో ప్రహరీ మీద నుంచి పడి ఎడమకాలు విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది. బాగా అతుక్కుందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"నీకు తెలుసా అక్కా?"

"తెలుసు నాయనా. పెళ్లయిన మొదటి దసరాకే తను కనిపెట్టింది. 'బెత్తం పట్టుకుని నలుగురి ముందు నడిచే మనిషి. కాలు సంగతి తెలిస్తే తల దించుకుంటాడు. ఎప్పటికీ తెలియనివ్వకూడదు' అనేది. వయసు పెరిగేకొద్దీ తేడా కాస్త కాస్త మారుతుందని ఏటేటా కొలిచేది."

ఓబన్న కింద కూర్చున్నాడు. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. విప్పిన గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

మూడోసారి ఆ కొలతతోనే కుట్టాడు. కానీ చేయి ఆమెది కాదు. కుట్లు వంకర పోయాయి. నడుము సరిగ్గా కుదరలేదు. పండుగనాడు ఊరేగింపులో ఓబన్న నడుస్తుంటే అతని భుజం ఒక పక్కకు ఒరగడం అందరికీ కనిపించింది.

కొలువులో రాజు అడిగాడు. "ఓబన్నా, నీ నడక మారిందేం? దెబ్బ తగిలిందా?"

అవునంటే సరిపోయేది. అతను అలా అనలేదు.

"లేదు ప్రభూ. నా ఎడమకాలు చిన్ననాటి నుంచీ పొట్టిది. నా భార్య ముప్పై ఏళ్లు దాన్ని తన కుట్టులో దాచింది. ఆమె పోయింది. ఇది నేను కుట్టుకున్నది. నడక నాదని గర్వపడ్డాను. సగం ఆమెది."

సభలో గుసగుసలు లేచాయి. "కుంటివాడి చేతిలో వెండి బెత్తమా?" అన్నాడొక ఉద్యోగి. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"నిండు సభలో ఇంత నిజం చెప్పిన వాడే నా ముందు నడవాలి. బెత్తం నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు. తర్వాత కాస్త మెల్లగా అడిగాడు. "ఇంతటి పనితనం గల మనిషిని, బతికుండగా ఒక్కసారైనా మా కొలువుకు ఎందుకు తీసుకురాలేదు ఓబన్నా? సన్మానించి ఉండేవాళ్లమే."

ఓబన్న బెత్తం ఆనించుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత ఓబన్న చాలా ఏళ్లు కొలువు చేశాడు. కోట దర్జీ కుట్టి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ప్రతి దసరాకూ తన లాగు తనే కుట్టుకున్నాడు. ఏ ఏడాదీ చెంగమ్మ కుట్టినంత బాగా కుదరలేదు. అతనికీ కుదురుతుందన్న ఆశ లేదు. కుట్టినన్ని రోజులూ ఆమె ఎలా కూర్చునేదో, దారం ఎలా తెంపేదో గుర్తు చేసుకునేవాడు. అందులోనూ చాలా సంగతులు గుర్తుకు రావని, అప్పుడు తాను చూడనే లేదని తెలిసి మళ్లీ బాధపడేవాడు.

కనుక పిల్లలూ, మన లోపం మనకే తెలియకుండా కాపాడే చేతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అవి పనిలో ఉండగానే చూసి, మెచ్చుకోవాలి.